‘పక్కగదిలో వయొలిన్’ గురించి నా అభిప్రాయం

10 జూలై 1994, ఆదివారం

ఆంధ్ర సంఘం బీరువాలోంచి కొత్త నవల తెచ్చుకున్నాను. ‘పక్కగదిలో వయొలిన్’. రాసినాయన పేరు ఇదివరకు ఎప్పుడూ వినలేదు. అట్ట మీద తెగిన తీగ, దాని కొసన ఒక రక్తపు బొట్టు. ఆదివారాలు ఆ బీరువా తాళం తీసేది యజ్ఞనారాయణ గారు. ఇక్కడి ఉక్కు ప్లాంటులో పెద్ద ఇంజనీరు, సంఘానికి కార్యదర్శి. ఏ పుస్తకం ఇచ్చినా ఒక మాట తగిలించందే ఇవ్వరు.

“ఇది మొదలుపెట్టాక పొయ్యి మీద ఏమీ పెట్టకు రజనీకుమారీ,” అన్నారు.

పేరులో వయొలిన్ ఉందని తీసుకోలేదు. హత్య ఉందని తీసుకున్నాను.

11 జూలై

మావారు మధ్యాహ్నం బి షిఫ్టుకి సైకిలెక్కగానే కూర్చున్నాను. అన్నం మాడింది. యజ్ఞనారాయణ గారు చెప్పనే చెప్పారు.

శేషు అనే కుర్రాడు రాజమండ్రి నుంచి మద్రాసు వెళ్ళి, లాడ్జిలో ఉంటూ, రికార్డింగు థియేటర్ల చుట్టూ తిరుగుతుంటాడు. ఎవరూ పిలవరు. పిలిచినా వెనక వరసలో ఒకడు. పక్కగదికి ఎప్పుడూ తాళమే. అందులో ఎవరూ లేరంటాడు మేనేజరు. కానీ దీపాలు పెట్టే వేళకి ఆ గదిలోంచి వయొలిన్ వినిపిస్తుంది. శేషు వాయించాలని కలలు కనే రాగమే, శేషు కంటే బాగా. మూడో రోజు ఆ గదిలో ఒక శవం. నరసింహమూర్తి అనే మహా విద్వాంసుడు, మెడ చుట్టూ వయొలిన్ తీగ. ఆ తీగ శేషు వయొలిన్‌ది.

అక్కడ పుస్తకం మూసి, లేచి, గుమ్మం గొళ్ళెం వేసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. పట్టపగలు.

సాయంత్రం పెరటి గోడ దగ్గర నూకమ్మ వదినకి కథ చెప్పాను. పక్క క్వార్టరే. వాళ్ళాయన కోక్ ఓవెన్స్‌లో పని. వదినకి చదువు రాదు గానీ కథ వినడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

“ఆ గదిలో దెయ్యముందేటి?” అంది.

“దెయ్యాల కథ కాదు వదినా. ఎవరో మనిషే.”

“ఎవులు?”

“నాకూ తెలీదు. ఇంకా సగం ఉంది.”

“అయితే నువ్వెల్లి సదువుకో. ఆ గిన్నెలిలా తే, నాను తోముతాను.”

నిజంగానే ఇచ్చేశాను.

13 జూలై

అయిపోయింది. అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

పక్కగదిలో వాయించింది మనిషి కాదు, టేపురికార్డరు. విద్వాంసుడు రహస్యంగా సాధన చేసుకోడానికి ఆ గది అద్దెకి తీసుకున్నాడు. చంపేశాక కూడా ఆయన బతికే ఉన్నాడని అందరూ అనుకోవాలని క్యాసెట్టు పెట్టారు. పెట్టింది ఎవరంటే, రాజమండ్రిలో కూర్చుని మొగుడి కోసం ఎదురుచూస్తోందని మనం అనుకున్న సుధ. శేషు భార్య. ఆ ముసలాయన అడ్డు తొలిగితే మొగుడికి కచేరీ దొరుకుతుందని.

నేను ముందే పట్టుకోవలసింది. సుధ కనిపించిన ప్రతిచోటా రచయిత ఆవిడ చేతులనే వర్ణించాడు. నేను అవి పనిచేసుకునే ఆడదాని చేతులు కదా అని జాలిపడుతూ పేజీ తిప్పేశాను. ఎంత బాగా మోసం చేశాడు. ఇలాంటి నవల నేను మూడేళ్ళలో చదవలేదు.

నూకమ్మ వదిన మాత్రం ఒక్కటే అంది. “మొగుడి కోసం అంత సేసి, ఆ మొగుడికొక్క ముక్క సెప్పనేదేటి?”

మా ఇంట్లోనూ ఒక వయొలిన్ ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఈయన రైల్ మిల్లులో క్రేన్ నడుపుతారు. మిగతా వేళల్లో ఖుర్సీపార్ భుజంగరావు ఆర్కెస్ట్రాలో వాయించేవారు. పెళ్ళిళ్ళు, గణేశ్ పందిళ్ళు, దుర్గా పూజ. జూన్‌లో భుజంగరావు కీబోర్డు కొన్నాడు. మీట నొక్కితే ఇరవై వయొలిన్ల మోత వస్తుందట. “ఇంక నాతో ఏటి పని,” అని ఈయన వయొలిన్ పెట్టెని బీరువా మీద పెట్టేశారు. మళ్ళీ తీయలేదు. నేనేమీ అడగలేదు. అడగాల్సిందేమీ లేదు.

17 జూలై, ఆదివారం

పుస్తకం తిరిగి ఇద్దామని వెళ్ళాను. ఇవ్వకుండానే వచ్చాను.

యజ్ఞనారాయణ గారు అడిగారు, ఎలా ఉందని. అంతే, బీరువాకి ఆనుకుని నిలబడి ఎంతసేపు మాట్లాడానో తెలీదు. పేపరు చదువుకునేవాళ్ళు పేపర్లు దించి చూస్తున్నారు. ఆయన అంతా విని, “ఇదే మైకులో చెప్పమ్మా,” అన్నారు. ఆగస్టు ఆఖరి ఆదివారం సంఘం హాల్లో మొదటిసారి పుస్తక చర్చ పెడుతున్నారట. ఒక పుస్తకం, ఒక పాఠకుడు, తర్వాత ఎవరైనా ప్రశ్నలడగొచ్చు.

“నేను మైకు పట్టుకుని ఎరగనండి.”

“మైకు నీకెందుకు? నీ గొంతు సెక్టర్ 7 దాకా వినిపిస్తోంది.”

దారి పొడుగునా నాలో నేనే మాట్లాడుకుంటూ వచ్చాను. హిందీ బళ్ళో చదివే మా పాప, “మమ్మీ, కిస్‌సే బాత్ కర్ రహీ హో?” అని అడిగింది, ఎవరితో మాట్లాడుతున్నావని. ఈయనకి చెబితే, “మంచిదే,” అన్నారు. అంతే. సంతోషించారనే అనుకుంటున్నాను.

20 జూలై

పెన్సిలు పట్టుకుని రెండోసారి చదువుతున్నాను. హంతకురాలు ఎవరో తెలిసి చదువుతుంటే ఇంకా బాగుంది. సుధ పంపిన ప్రతి ఉత్తరం కింద గీత పెట్టాను.

పొద్దున్న బూజు దులుపుతూ బీరువా మీద పెట్టె పక్కకి జరపబోయాను. వేలితో తోస్తే జరిగింది. అంత తేలిగ్గా ఉండకూడదు. దించి తెరిచాను. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ, వయొలిన్ ఆకారంలో గుంట. వయొలిన్ లేదు. కమాను కూడా లేదు.

మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేశాను. దుమ్ములో నా వేలిముద్రలు పడ్డాయి, అవి కూడా తుడిచాను.

21 జూలై

అమ్మేశారా అంటే, కాదు. అమ్మేవాళ్ళు పెట్టెతో సహా అమ్ముతారు.

22 జూలై

పెట్టె అక్కడ వదిలేశారంటే, వయొలిన్ అందులోనే ఉందని ఎవరో అనుకోవాలి. ఈ ఇంట్లో ఎవరో అంటే నేనే.

24 జూలై, ఆదివారం

నవల వల్ల ఒక లాభం, చూడడం వచ్చింది.

మధ్యాహ్నం కంచంలో చారు పోస్తూ ఈయన ఎడమ చేతి వేళ్ళు చూశాను. కొసల మీద సన్నటి గీతలు. తీగ నొక్కితే పడేవి. జూన్ తర్వాత అవి మాసిపోయి ఉండాలి. మాసిపోకపోగా ఇదివరకటి కంటే లోతుగా ఉన్నాయి. కుడి కాలి చీలమండ పక్కన చర్మం కమిలి ఉంది. అది దేనికో అర్థం కాలేదు. ఆర్కెస్ట్రాలో నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయించేవారు. కాలితో పనేముంది?

ఎక్కడో వాయిస్తున్నారు. ఇంట్లో కాదు. పొద్దుటి ‘ఎ’ షిఫ్టు ఉన్న వారం సాయంత్రాలు, బి షిఫ్టు వారం పొద్దుటిపూట “యూనియన్ ఆఫీసు” అని వెళ్తున్నారు.

యూనియన్ ఆఫీసులో వయొలిన్ ఎవరూ వాయించరు.

నాకు కేవలం ఆసక్తి. నవల బుర్రలో తిరుగుతోంది కాబట్టి.

27 జూలై

నూకమ్మ వదినకి చెప్పేశాను. ఆవిడ చింతపండు పిక్క తీస్తూ అంతా విని, “ఎవుల కోసం వాయిస్తన్నాడో?” అంది.

“అలాంటిదేమీ కాదు వదినా.”

“నానేటన్నాను? ఎవుల కోసమో అన్నాను. ఎనకాలెల్లి సూడు.”

అలాంటిదేమీ కాదు.

28 జూలై

అలాంటిదేమీ కాదు.

1 ఆగస్టు

ముందు భుజంగరావు దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ పిలవమని అడుగుదామనుకున్నాను. ఇందులో తప్పేముంది? సుధలాగా ఎవరినీ చంపడానికి వెళ్ళలేదు కదా.

ఖుర్సీపార్‌లో ఆయన మైకుల కొట్టు. గణేశ్ పండగ బేరాలు మొదలయ్యాయి, మెట్ల మీద దాకా స్పీకర్ డబ్బాలే. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను మాట కూడబలుక్కుని, “కీబోర్డు వచ్చినా ఒక పాటో రెండు పాటలో ఆయన చేత...” అన్నాను.

భుజంగరావు వింతగా చూశాడు. “అదేటి చెల్లెమ్మా. నేను తియ్యనేదు. ఆడే మానేసినాడు. కీబోర్డు పక్కన నువ్వు కూడా ఉండాల్రా, అసలు వయొలిన్ అసలు వయొలినేనని ఇంటికొచ్చి అడిగినాను. నువ్వా టైములో బజారుకెల్లినావు. ఏడాది దాకా ఒక్క సినిమా పాట ముట్టుకోనన్నాడు. ఎందుకురా అంటే సెప్పడు.”

చాయ్ చల్లారిపోయేదాకా గ్లాసు చేతిలోనే ఉంది.

మానేశారు. తీసెయ్యలేదు. ఈ రెండింటి మధ్య నేను రెండు నెలలు జాలిపడ్డాను. దుఃఖం రావాలి, రాలేదు. గుండె మాత్రం, పక్కగది తాళం తెరుచుకునే అధ్యాయంలో కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

5 ఆగస్టు

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే నేనే నమ్మను.

పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి, భోంచేసి, కాస్త నడుం వాల్చి, “యూనియన్ ఆఫీసుకి,” అని బయల్దేరారు. సన్నగా వాన. పాపని నూకమ్మ వదినకి అప్పజెప్పి నేను మూల మీద రిక్షా ఎక్కాను. పైన టాపు వేయించి, ముందు తెర దింపించాను.

“ఉస్ సైకిల్ కే పీఛే చలో.” ఆ సైకిల్ వెనకాలే పొమ్మన్నాను.

రిక్షా ముసలాయన ముందు సైకిల్ని చూశాడు, నన్ను చూశాడు. “భాభీజీ, అపనే భయ్యా హైఁ క్యా?” మీ ఆయనేనా అని.

“చలో న.”

ఆయన నవ్వుకుంటూ తొక్కాడు. ఈయన కుడివైపు తిరిగితే కుడి, ఎడమైతే ఎడమ. ఒకచోట గొడుగు సర్దుకోడానికి ఈయన ఆగితే, రిక్షా ఆయన నేను చెప్పకుండానే చెట్టు చాటుకి తిప్పి ఆపాడు. ఆయన కూడా ఏవో నవలలు చదివినట్టున్నాడు. నాకు భయం వేయాల్సింది. నవ్వొచ్చింది.

సెక్టర్ 10. ఆఫీసర్ల ఇళ్ళు. ఈయన ఒక ఇంటి గేటు తీసుకుని, చెప్పులు విడిచి, తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళారు. అలవాటైన ఇంట్లోకి వెళ్ళినట్టు.

రిక్షాని పంపేశాను. గేటు పక్కన సీతాఫలం చెట్టు కింద నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి వయొలిన్.

నాలుగే స్వరాలు. స రి గ మ. పాట కాదు, పల్లవి కాదు, పిల్లలు మొదటిరోజు నేర్చుకునేది. పొడుగ్గా, ఒక్కొక్కటీ ఊపిరంత. మూడోదాని దగ్గర సన్నగా వణికింది. ఆగిపోయింది.

ఆడగొంతు. “మళ్ళీ.”

ఆ గొంతు వినగానే ఏమనుకున్నానో రాయను.

మళ్ళీ నాలుగు. మళ్ళీ మూడోదాని దగ్గర వణుకు. “మళ్ళీ.” ఈసారి మూడోది నిలబడింది, నాలుగోది జారింది. “మళ్ళీ.” ఎవరు, ఎందుకు, ఏమిటి అని వచ్చినదాన్ని, అవన్నీ మర్చిపోయాను. ఈసారైనా నిలబడుతుందా? అదొక్కటే. మూడోది వచ్చేసరికి ఊపిరి బిగబట్టేస్తున్నాను. జారితే గేటు ఊచ గట్టిగా పట్టుకుంటున్నాను. జడలోంచి నీళ్ళు కారుతున్నా తెలీలేదు.

ఇంతలో తలుపు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చారు, వరండాలో ఆరేసిన బట్టలు తీయడానికి. తెల్లటి ముడి, చెవులకి దుద్దులు, డెబ్బై దాటి ఉంటాయి. తలుపు సందులోంచి లోపల ఈయన కనిపించారు. చాప మీద కూర్చుని ఉన్నారు, ఒక పక్కకి తిరిగి. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి ఉంది.

చీలమండ దగ్గర కమిలింది అందుకా.

“ఎవరమ్మా, అక్కడ తడుస్తున్నావు?” అన్నారావిడ.

పేరు చెప్పాను. ఆవిడ బట్టలు భుజాన వేసుకుని గేటు దాకా వచ్చారు. నెమ్మదిగా, “బలరాం భార్యవా? ఇంట్లో తెలీదన్నాడే,” అన్నారు.

“తెలీదండి. ఇప్పుడే తెలిసింది.”

ఆవిడ పేరు లలితాంబ. విజయనగరంలో వయొలిన్ నేర్పేవారట, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. వేసవిలో ఎవరి పెళ్ళిలోనో ఈయన వాయించడం విన్నారు. భోజనాల దగ్గర పిలిచి తిట్టారట.

“చెయ్యి మంచిది. కానీ పదేళ్ళుగా మైకు కోసం వాయించాడు. మైకు అన్నీ కప్పేస్తుంది కదా. నాలుగు స్వరాలు నిలబడవు. నా దగ్గరికి రావాలంటే మొదటి పాఠం నుంచి రా, సినిమా పాట మాని రా అన్నాను. ఇంక రాడనుకున్నాను. మర్నాడే సంచిలో వయొలిన్ చుట్టుకుని వచ్చాడు.”

“ఎన్నాళ్ళు పడుతుందండి?”

“నన్ను ఏడిపించకుండా ఉంటే వచ్చే ఉగాదికి ఒక వర్ణం.” లోపలి వైపు చూశారు. “ఈ వయసులో చిన్నపిల్లల పాఠం వాయిస్తున్నానని సిగ్గు. అందుకే వయొలిన్ ఇక్కడే పెట్టి వెళ్తాడు. నువ్వు వచ్చినట్టు చెప్పకు. తనే చెబుతాడు.”

మాటిచ్చి వచ్చేశాను. సెక్టర్ 6 దాకా నడిచే వచ్చాను. ఆడగొంతు ఎవరిదో తెలిశాక ఎంత తేలిగ్గా ఉందంటే, వాన కూడా పడుతున్నట్టు లేదు.

నూకమ్మ వదిన గుమ్మంలోనే అడిగింది. “ఎవులు?”

“డెబ్బై ఏళ్ళ ముసలావిడ. సరిగమలు నేర్పుతోంది.”

వదిన, “ఇది నీ నవల కంటే బాగుంది,” అంది.

6 ఆగస్టు

ఈయన ముందు ఏమీ తెలియనట్టు ఉండడం ఎంత కష్టం. రెండుసార్లు నవ్వేశాను. “ఏటే?” అన్నారు. పాప చేసిన అల్లరి ఏదో చెప్పాను.

9 ఆగస్టు

నవల మూడోసారి. ఈసారి పెన్సిలు వేరే పని చేసింది. శేషు ఎక్కడెక్కడ సాధన చేశాడో అక్కడ గీత పెడదామని మొదలుపెట్టాను.

ఒక్క గీత కూడా పడలేదు.

శేషు ఏడుస్తాడు, అలుగుతాడు, వానలో తిరుగుతాడు, పోలీసుల నుంచి పారిపోతాడు. జైల్లో ఉంటాడు. బయటికి వస్తూనే కచేరీ, సభంతా లేచి నిలబడడం. మధ్యలో వయొలిన్ ముట్టుకోడు. అది హత్య కంటే నమ్మలేని విషయం. మొదటిసారి చదివినప్పుడు నేను కూడా లేచి నిలబడ్డంత పని చేశాను. ఇప్పుడు ఆ పేజీకి వచ్చేసరికి లలితాంబ గారి గొంతు వినిపిస్తోంది. మళ్ళీ.

అయినా ఈ నవల ఇంకా ఇష్టమే. అదే తమాషా.

19 ఆగస్టు

తనే చెబుతారని ఎదురుచూస్తున్నాను. చెప్పలేదు.

28 ఆగస్టు, ఆదివారం

అయిపోయింది. బాగా అయిందో, కొంప ముంచానో తెలీదు.

హాలు నిండింది. నూకమ్మ వదిన ముందు వరసలో, పట్టుచీరలో. ఈయన బి షిఫ్టు, రాలేదు. అదే మంచిదయింది. మంచిదయిందో లేదో.

అన్నం మాడిన సంగతితో మొదలుపెట్టాను, నవ్వారు. ఇంక భయం పోయింది. అధ్యాయం చివర మనల్ని ఎలా వేలాడదీస్తాడో చెప్పాను, సుధ చేతుల సంగతి చెప్పాను, టేపురికార్డరు దగ్గర గుమ్మం గొళ్ళెం మళ్ళీ ఒకసారి చూసుకోక తప్పదన్నాను. ఇంత గొప్పగా రాసినాయన ఒక్కటి మర్చిపోయాడన్నాను. శేషు సాధన చెయ్యడు. చేసినట్టు ఒక్క వాక్యం కూడా లేదు.

యజ్ఞనారాయణ గారు కుర్చీలోంచే అడిగారు. “నవలలో సరిగమలు రాస్తే ఎవరు చదువుతారమ్మా? పేజీ తిరగాలి కదా.”

“తిరుగుతుందండి. నేను ఒక తలుపు బయట నిలబడి విన్నాను. నాలుగు స్వరాలు. జారిపోతున్నాయి, మళ్ళీ మొదలు. ఈసారి నిలబడతాయా లేదా అని నాకు ఊపిరాడలేదు. ఈ నవలలో శవం దొరికిన చోట కూడా నాకు అంత కాలేదు.”

“వాయించేది ఎవరు?”

“మావారు.”

నోట్లోంచి వచ్చేసింది. వెనకనుంచి ఎవరో, “బలరాం భయ్యానా? మానేసినాడన్నారే, సరిగమలు నేర్చుకుంటన్నాడా?” అన్నారు. ఎవరో నవ్వారు. నూకమ్మ వదిన వెనక్కి తిరిగి చూసింది, నవ్వు ఆగింది. కానీ మాట ఆగదు కదా.

యజ్ఞనారాయణ గారు వెక్కిరించలేదు. చాలా మెత్తగా అన్నారు. “అదే కదమ్మా. మీ ఆయన కాబట్టి నీకు ఊపిరాడలేదు. ముక్కూ మొహం తెలియనివాడు ఆ నాలుగు స్వరాలూ పొద్దస్తమానం గీస్తూ కూర్చుంటే నువ్వు నిలబడి వింటావా? రచయితకి తెలియనివాళ్ళందరినీ నిలబెట్టాలి. అతనికి హత్య కావాలి.”

“ఆలోచించి చెబుతానండి,” అన్నాను. చప్పట్లు కొట్టారు. చాలా గట్టిగా కొట్టారు. నాకు వినపడలేదు.

సుధ కూడా మొగుడి మంచి కోసమే అన్నీ చేసింది.

29 ఆగస్టు

పొద్దున్న పాలకి వెళ్ళి ఈయన ఆలస్యంగా వచ్చారు. క్యాన్ కింద పెట్టి, నిలబడే ఉన్నారు.

“నేను సరిగమలు నేర్చుకుంటన్నానంట. పాల బూత్ కాడ ముగ్గురు అడిగినారు.”

“నేనే చెప్పాను,” అన్నాను. “చెప్పాలని చెప్పలేదు. నోరు జారింది.”

“నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదు. రిక్షాలో మీ వెనకాల వచ్చాను.”

ఆ మాటకి ఒక్క క్షణం నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. తిట్టనూ లేదు. స్నానం చేశారు, తిన్నారు. టిఫిను సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, “ఆ పుస్తకం ఏదీ?” అన్నారు.

ఇచ్చాను. సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. పెళ్ళయిన పదేళ్ళలో ఈయన నవల పట్టుకోవడం ఇదే మొదలు.

31 ఆగస్టు

చదువుతున్నారు. ఎక్కడిదాకా వచ్చారో అడగలేదు. చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, ఆయన గమనించలేదు.

3 సెప్టెంబరు

పెదవులు కదుపుతూ చదువుతారు. శవం దొరికిన చోట లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. నాకు లోపల ఎంత సంబరంగా ఉందో.

4 సెప్టెంబరు, ఆదివారం

అయిపోయింది. పుస్తకం మూసి కాసేపు అట్ట మీది తీగ చూస్తూ కూర్చున్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతున్నాను.

“బాగుంది,” అన్నారు.

“సాధన సంగతి...”

“అది నువ్వు చెప్పిందే. వాడసలు వయొలిన్ శ్రుతి కూడా చేసుకోడు.” పుస్తకం పక్కన పెట్టారు. “నేను వేరేది అనుకుంటన్నాను. ఆ సుధ. అందరూ ఆవిడ హంతకురాలంటారు. నిజమే. గానీ వాడు మద్రాసులో ఏటి పడతన్నాడో, ఏటి చేస్తన్నాడో ఇంటికొక్క ముక్క రాసేడా? రాయలేదు. ఆవిడకి తెలిసిందల్లా వాడికి కచేరీ రాలేదనే. ఉన్నదున్నట్టు వాడు చెప్పుంటే ఆవిడ రైలెక్కేది కాదు.”

నేను చేట కింద పెట్టాను.

“సిగ్గేసింది రజనీ,” అన్నారు. “పాపకి నేర్పే పాఠం. అది కూడా రావట్లేదు. నీకేటని చెప్పను? సాయంత్రం నాలుగు స్వరాలు తప్పు వాయించొచ్చినానని చెప్పనా?”

“అదే చెప్పండి,” అన్నాను. “రోజూ చెప్పండి. ఏది జారిందో చెప్పండి.”

“గాంధారం,” అన్నారు. “నిన్న కూడా అదే.”

ఇద్దరం ఎందుకు నవ్వామో తెలీదు. ఎంతసేపు నవ్వామంటే పాప వచ్చి, “క్యా హువా?” అని అడిగి, ఎవరూ చెప్పకపోతే అలిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం లలితాంబ గారి ఇంటికి వెళ్ళి వయొలిన్ ఇంటికి తెచ్చారు. ఆవిడ, “ఇప్పటికి బుద్ధొచ్చిందా,” అన్నారట.

5 సెప్టెంబరు

ఇవాళ వారపు సెలవు. పొద్దున్నే ముందుగదిలో చాప పరిచి కూర్చున్నారు, వీధి తలుపు తీసే ఉంది. మొదలుపెట్టారు. స, రి. గాంధారం దగ్గర వణుకు. మళ్ళీ. మళ్ళీ.

ఆకుకూరలావిడ వచ్చింది. ఎప్పుడూ వచ్చేవాళ్ళలో ఈవిడ లేదు, కొత్త మనిషి. పల్లె నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చినట్టుంది. నేను మెట్టు మీద కూర్చుని ఎర్ర తోటకూర కట్టలు ఏరుతున్నాను, ఆవిడ రేటు చెబుతోంది. లోపల ఈయన చెయ్యి చెమట పట్టి, ఆపి, తువ్వాలు తీసుకున్నారు.

ఆవిడ మాట ఆగిపోయింది. తలుపు వైపు మెడ చాచి చూసి, “కాబర్ బంద్ కర్ దిస్, బాయీ?” అంది. ఎందుకు ఆపేశాడమ్మా అని.

“గల్తీ హో గయీ,” అన్నాను. “ఫిర్ సే కరేంగే.” తప్పు పోయింది, మళ్ళీ వాయిస్తారని.

“త బజావన్ దే. మై బైఠే హవ్.” వాయించనీ, నేను కూర్చున్నాను అని, బుట్ట పక్కన పెట్టి నిజంగానే కూర్చుంది. తోటకూర కట్ట ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

లోపల మొదలైంది. స. రి. గాంధారం వస్తోంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, నోరు కొంచెం తెరుచుకుంది, కట్ట పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. గాంధారం నిలబడింది. ఇంకొకటి ఉంది. అది కూడా వచ్చింది, నిటారుగా, వణుకు లేకుండా, కమాను చివరిదాకా.

“హాఁ,” అంది ఆవిడ, ఊపిరి వదిలి. కట్ట నా ఒళ్ళో వేసి, బుట్ట నెత్తికెత్తుకుని నూకమ్మ వదిన వాళ్ళింటి వైపు వెళ్ళింది.

ఆవిడకి ఈయన పేరు కూడా తెలీదు. ఆదివారం బీరువా తాళం తీయగానే యజ్ఞనారాయణ గారికి ఈ సంగతి చెప్పాలి. ఆదివారం దాకా ఎలా ఆగడం?